చంపితేనే మర్యాద

మొన్న శనివారం సాయంత్రం మా అత్తయ్యగారు నన్ను నాలుగుసార్లు చంపారు. అదీ పదిమంది చూస్తుండగా. మూడోసారి చంపినప్పుడైతే చిన్నపిల్లలా చప్పట్లు కూడా కొట్టారు.

నా కాపురానికి 22 ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే పెరుగు గిన్నె ముందుకు జరుపుకునేవారే తప్ప "ఉప్పెక్కువైంది అమ్మాయ్" అన్న మనిషి కాదు. అలాంటి ఆవిడ అష్టాచెమ్మా ముందు కూర్చుంటే మాత్రం నా కాయ ఇంకో రెండు గడుల్లో పండుతుందన్నా జాలి చూపించరు.

నాకెంత సంతోషంగా ఉందో! అత్తగారు చంపితే కోడలికి సంతోషమేమిటి అంటారా? అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మావయ్యగారు పోయి మూడేళ్ళయింది. అమలాపురం దగ్గర పల్లెటూళ్ళో పెంకుటిల్లు, వీధి అరుగు, పెరట్లో కొబ్బరిచెట్లు... అన్నీ వదిలేసి అత్తయ్యగారు హైదరాబాద్‌లో మా మూడో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చేశారు. మావారు ఆఫీసుకి, పిల్లలు కాలేజీకి వెళ్ళిపోతే ఇంట్లో మేమిద్దరమే. టీవీ పెడితే చూసేవారు, కట్టేస్తే గోడవైపు చూసేవారు. ఫోన్లో ప్రవచనాలు పెట్టివ్వడం నేర్పించాను. రెండ్రోజులు విని పక్కన పెట్టేశారు. "ఏమన్నా కావాలా అత్తయ్యగారూ?" "ఏం వద్దమ్మా." మా మధ్య రోజుకి పదిసార్లు ఇవే మాటలు.

ఆ ఏడాది కార్తీకమాసంలో మా అపార్ట్‌మెంటువాళ్ళం వనభోజనాలు పెట్టుకున్నాం. వనం ఎక్కడుంది లెండి, కింద పార్కింగ్ పక్కన ఉన్న కాస్త ఖాళీలో ఉసిరికొమ్మ తెచ్చి కుండీలో గుచ్చి, దాని కింద పులిహోరలూ దద్దోజనాలూ తినేశాం. భోజనాలయ్యాక ఆడవాళ్ళందరం తంబోలా మొదలుపెట్టాం. మైకులో అంకెలు అరుస్తున్నారు. అత్తయ్యగారు ఓ మూల కుర్చీలో కూర్చున్నారు. కాసేపయ్యాక చూస్తే కుర్చీ ఖాళీ!

కంగారుగా వెతికితే మెట్ల దగ్గర నేలమీద కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ నొప్పులని పీటమీద కూడా కూర్చోని మనిషి! ఎదురుగా వాచ్‌మన్ కూతురు. ఇద్దరి మధ్యా సుద్దముక్కతో గీసిన ఇరవై అయిదు గళ్ళు. నాలుగు చింతపిక్కల్ని సిమెంటు గచ్చుమీద ఒకవైపు తెల్లగా అరగదీసి గవ్వలకు బదులు వేస్తున్నారు. ఆ పాప మీద అత్తయ్యగారు గొంతెత్తి అరుస్తున్నారు. "ఒసేయ్, మూడు పడితే నాలుగు జరిపావేంటే? నా కళ్ళు కనబడవనుకున్నావా!"

ఏడాది తర్వాత వింటున్నా ఆ గొంతుని.

అటుగా వెళ్తున్న ఐదో అంతస్తు వదిన ఆగింది. వాళ్ళది కరీంనగర్. "గట్లెట్ల నడుస్తదత్తమ్మా? సంపకుండ లోపలికి పోనిస్తరా? మా దిక్కు పోనియ్యరు" అంది. అత్తయ్యగారు తలెత్తి "మా వైపూ పోనివ్వరు. చిన్నపిల్ల కదాని వదిలేశానమ్మా" అన్నారు. అంతలో మా ఎదురింటి కర్నూలు అక్క వచ్చింది. "దీన్ని మేము బారాకట్ట అంటాము" అని తనూ కూర్చుంది. మైకులో ఎవరికో ఫుల్ హౌస్ వచ్చింది కానీ ఇక్కడెవరూ పట్టించుకోలేదు. ఇదిగో, మా శనివారం ఆటల జట్టు అలా పుట్టింది.

ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి కింద హాల్లో కలుస్తాం. మొదట నలుగురం, ఇప్పుడు పదకొండుమందిమి. ప్లైవుడ్ ముక్కమీద పెయింటుతో గళ్ళు గీయించి బల్లమీద పెట్టాం, మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం. ఎవరి కాయలు వాళ్ళే తెచ్చుకుంటారు. వదినవి గాజుముక్కలు, కర్నూలు అక్కవి చొక్కా గుండీలు, నావి రాజ్మా గింజలు, అత్తయ్యగారివి వక్కలు. రెండోవారం ఆవిడ తన ట్రంకుపెట్టె అడుగునించి చిన్న గుడ్డసంచీ తీశారు. అందులో నాలుగు గవ్వలు. పట్టుకుని పట్టుకుని నున్నగా అయిపోయాయి. ఊరినించి సామాన్లు సర్దింది నేనే, ఆ సంచీ నాకెప్పుడూ కనబడలేదు. "మీ మావయ్యగారూ నేనూ రోజూ భోజనాలయ్యాక అరుగుమీద ఆడేవాళ్ళం" అన్నారు, అంతే.

నేను బియ్యేలో తెలుగు చదివినదాన్ని కదా, సభాపర్వం గుర్తొచ్చి మొదటి రోజే ఒక షరతు పెట్టాను. డబ్బు పందెం లేదు. ఓడినవాళ్ళు వచ్చేవారం ఫ్లాస్కునిండా టీ తేవాలి. నా బియ్యే డిగ్రీ మరో పనికి కూడా వచ్చిందండోయ్. ఒక్కో ఊరివాళ్ళు ఒక్కో పద్ధతి చెప్తుంటే పోట్లాటలైపోతున్నాయి. నోటుబుక్కు కొని అన్నీ రాశాను. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. అవి పడితే ఇంకో పందెం వేసుకోవచ్చు. బయటి వరసలో పదహారు గళ్ళు తిరగాలి. ఎవరినైనా ఒక్కరిని చంపితేనే లోపలి ఎనిమిది గళ్ళలోకి దారి. ఆ లోపలి వరసలో ఎదురు దిక్కున నడవాలి. ఇంటూ గుర్తున్న గడిలో ఉన్నవాళ్ళని ఎవరూ చంపకూడదు. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. కాయ మొదట దిగడానికి చెమ్మానో అష్టానో పడాలా అక్కర్లేదా, వరసగా మూడుసార్లు పడితే మురిగిపోతుందా లేదా, ఇక్కడే పేచీలన్నీ. చివరికి వారానికొకరి ఊరి పద్ధతిలో ఆడదామని తీర్మానించాం.

రాస్తుంటే ఓ సంగతి తోచింది. ఈ ఆటలో మాటలన్నీ బతుకులోవే. కాయ పుడుతుంది, నడుస్తుంది, చస్తుంది. చచ్చిన కాయ మళ్ళీ మొదటినించీ పుట్టాలి. అన్నీ దాటుకుని నడిమి గడికి చేరితే పండుతుంది. ఇంత వేదాంతం పెట్టుకుని చూస్తే అది ఆడవాళ్ళు మధ్యాహ్నాలు ఆడుకునే ఆట!

ఆ శివరాత్రికి జాగారం కూడా ఆటలతోనే. పిల్లలు వైకుంఠపాళి పరుచుకున్నారు. నిచ్చెనలెక్కి ఎక్కి చివర్లో ఉన్న పెద్దపాము నోట్లో పడ్డవాళ్ళని చూసి ఒకటే కేకలు. మగవాళ్ళు పులిజూదం దగ్గర చేరారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలన్నీ జట్టుగా కదిలి పులుల్ని కదలకుండా కట్టెయ్యాలి. మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు పులులు తీసుకుని మా వాచ్‌మన్ మేకల చేతిలో మూడుసార్లు ఓడిపోయారు. కర్నూలు అక్క హంపి వెళ్ళినప్పుడు రాతిబండల మీద ఇలాంటి గీతలే చెక్కి ఉండటం చూసిందట. ఎన్ని వందల ఏళ్ళకిందట ఎవరు ఎవరిని ఓడించి నవ్వుకున్నారో! వామనగుంటలదీ అంతే. వదిన ఓమనగుంటలంటుంది. పేరేదైనా గుంటలు పద్నాలుగే, చింతగింజల గలగలా ఒకటే.

బాగుంది కదా! ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండునో. కానీ నేను చేసిన తప్పు చెప్పకపోతే ఇదంతా రాసి ఏం లాభం?

ఆ ఎండాకాలం నుంచీ అత్తయ్యగారిలో తేడా కనబడింది. మూడు పడితే ఒక గడి జరిపి ఆగిపోయేవారు. ఏ కాయలు తనవో తడుముకునేవారు. ఒకరోజు నన్ను వాళ్ళ ఆడపడుచు పేరుతో పిలిచారు. గ్యాస్ మీద పాలు పెట్టి మర్చిపోయారు. డాక్టరుకి చూపిస్తే మతిమరుపు మొదలైందన్నారు. మందులు రాసిచ్చి, నలుగురిలో తిరగనివ్వండి, ఆడుతున్న ఆట మానిపించకండి అన్నారు.

నేనేం చేశానో తెలుసా? ముందు వంటింట్లోంచి ఆవిడని తప్పించేశాను. "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, నేను చేస్తాను కదా." చిక్కుడుకాయలు ఈనెలు తీస్తానంటే కూడా వద్దన్నాను. ఆ తర్వాత ఓ శుక్రవారం రాత్రి ఆవిడ నిద్రపోయాక ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "అక్కా, అత్తయ్యగారి సంగతి మీకు తెలుసుగా. రేపట్నించి ఆవిడ కాయల్ని చంపకండి. లెక్క తప్పినా చూసీ చూడనట్టు వదిలెయ్యండి. పెద్దావిడ, గెలిస్తే సంతోషిస్తారు." అందరూ మంచివాళ్ళు. "అయ్యో, అంతకన్నానా" అన్నారు. నా మంచితనానికి నేనే మురిసిపోయి హాయిగా పడుకున్నాను.

వరసగా మూడు శనివారాలు అత్తయ్యగారే గెలిచారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ నవ్వారు కానీ ఆ నవ్వు పేరంటానికి పిలిచినప్పుడు నవ్వే నవ్వులా ఉంది. నాకది అప్పుడు తెలియలేదు.

నాలుగోవారం. ఆవిడ కాయ వదిన కాయకి సరిగ్గా రెండు గడుల ముందుంది. ఇంటూ గడి కూడా కాదు. వదిన గవ్వలు వేసింది. రెండు పడింది. చంపడానికి అంతకన్నా ఏం కావాలి? వదిన ఒక్క క్షణం నావైపు చూసి, ఎక్కడో మూలనున్న ఇంకో కాయని రెండు గడులు జరిపింది.

అత్తయ్యగారు బల్లవైపు చూశారు. వదినవైపు చూశారు. నావైపు మాత్రం చూడలేదు. నాలుగు గవ్వలూ ఏరి గుడ్డసంచీలో వేసుకుని దారం బిగించారు. "మోకాళ్ళు లాగేస్తున్నాయమ్మా" అని లేచి లిఫ్ట్ దగ్గరికి వెళ్ళిపోయారు.

తర్వాతి శనివారం రానన్నారు. ఆ పై శనివారం కూడా. జబ్బు ముదిరింది కాబోలు, ఆటమీద కూడా ధ్యాస పోయింది అనుకున్నాను. మావారితో కూడా అలాగే చెప్పాను. ఎంత తేలికో చూడండి! ఒకసారి మతిమరుపని పేరు పెట్టేశాక ఆ మనిషికి కోపం వచ్చినా మనకి జబ్బులాగే కనబడుతుంది.

ఒకరోజు రాత్రి మాత్రలిస్తుంటే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఆ రోజు ఆ కాయని నేను కావాలనే అక్కడ పెట్టానమ్మాయ్" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"చంపుతుందో లేదో చూద్దామని పెట్టాను. చంపలేదు. అంటే నువ్వు చెప్పావన్నమాట."

నేను నీళ్ళు నమిలాను. "మీరు సంతోషిస్తారని అత్తయ్యగారూ..."

"మర్చిపోతున్నానని నాకు తెలుసమ్మా. రేపు ఇంకా మర్చిపోతానేమో. కానీ గెలిచానో, గెలిపించారో తెలుసుకునే బుర్ర ఇంకా ఉంది" అని కాసేపు ఆగారు. "మీ మావయ్యగారు యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఊరికే గెలవనివ్వలేదు నన్ను. జ్వరంతో ఉన్నా చంపేవారు. ఏడ్చినా చంపేవారు. అందుకే, గెలిచిన రోజున ఆ గెలుపు నాదే. ఆయన పోయాక నన్నెవరూ ఏమీ అనడం లేదు. ఉప్పెక్కువైనా బాగుందంటారు, లెక్క తప్పినా బాగుందంటారు. గోడమీద పటానికి చేసినట్టు చేస్తున్నారు నాకు."

నాకు మొదట కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు? ఇంత చేస్తుంటే ఇదా మాట అనిపించింది. పక్కగదిలోకి వెళ్ళి దుప్పట్లు మడతపెడుతూ ఏడ్చాను. మడతపెడుతుంటేనే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. చిక్కుడుకాయలు తీసుకున్నాను. పాలగిన్నె తీసుకున్నాను. పూలు కట్టడం కూడా "శ్రమ ఎందుకులెండి" అని దండ కొనుక్కొచ్చేశాను. ఆఖరికి ఓడిపోవడాన్ని కూడా తీసేసుకున్నాను. ఓడిపోవడానికి వీల్లేని మనిషి ఆటలో ఉన్నట్టా, లేనట్టా? పటం చేతిలో ఎవరూ ఓడిపోరు, పటాన్ని ఎవరూ ఓడించరు.

మర్నాడు వదిన ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. వదిన నెత్తి కొట్టుకుంది. "నాకు ఆ దినమే మనసుల పట్టలే. ఆమె సూపు సూసినంక రాత్రి నిద్ర పట్టలే నాకు" అంది. అందరం కూర్చుని కొత్త నియమం రాసుకున్నాం. సాయం చెయ్యాల్సింది కంటికీ లెక్కకీ మాత్రమే, ఆటకి కాదు. అత్తయ్యగారి వక్కలకి ఎర్రదారం కట్టాం, తనవేవో చటుక్కున తెలిసేలా. ఎవరి పందెమైనా సరే, గడులు జరిపేటప్పుడు అందరం కలిసి పైకి లెక్కపెడతాం, ఒకటీ... రెండూ... మూడూ... అని. ఆవిడ ఒక్కరికోసమే అన్నట్టు ఉండదు కదా. ఇక చంపే అవకాశం వస్తే మాత్రం చంపాల్సిందే.

ఆ శనివారం ఆవిడని బతిమాలి కిందకి తీసుకెళ్ళాను. సగం ఆట అయ్యేసరికి ఆవిడ మూడు కాయలు పండాయి. నాలుగోది లోపలి వరసలో ఉంది. ఒక్క గడి నడిస్తే పండు! వదిన పందెం వేసింది. మూడు. సరిగ్గా ఆవిడ కాయ ఉన్న గడి. హాలంతా నిశ్శబ్దం. వదిన చెయ్యి వణకడం నేను చూశాను. "ఒకటీ... రెండూ... మూడూ" అని అందరం లెక్కపెట్టాం. వదిన ఆ ఎర్రదారం వక్కని తీసి బల్లకింద పెట్టింది.

అత్తయ్యగారు రెండు క్షణాలు కళ్ళార్పకుండా చూశారు. తర్వాత "ఓసి రాక్షసీ!" అని పెద్దగా నవ్వారు. నవ్వుతూనే వదిన చెయ్యిమీద ఒక్కటిచ్చారు. ఆ నవ్వు నేను మావయ్యగారు ఉన్నప్పుడు అరుగుమీదనించి వినేదాన్ని, వంటింట్లోకి వినబడేది. ఆ రోజు ఆవిడే ఓడిపోయారు. లిఫ్టులో పైకి వస్తున్నంతసేపూ ఎక్కడ తప్పు చేశారో నాకు వివరించారు. "ఆ రెండు పడ్డప్పుడు బయట కాయ జరపాల్సింది, లోపలిది కాదు." ఫ్లాస్కులో టీ తనే కలుపుతానన్నారు. పక్కన నిలబడ్డానే కానీ చెంచా ముట్టుకోలేదు.

ఆవిడ మతిమరుపు తగ్గిపోయిందని చెప్పను. తగ్గలేదు. మందులు వాడుతున్నాం, కొన్నిరోజులు బాగుంటారు, కొన్నిరోజులు నేనెవరో ఒక్క నిమిషం ఆలోచిస్తారు. ఏదో ఒక శనివారం ఆ గవ్వలు చేతిలో పట్టుకుని ఇవేంటమ్మా అని అడుగుతారేమో. ఆ రోజు తలుచుకుంటే గుండె జారిపోతుంది. అది వచ్చేదాకా మాత్రం ఆవిడ గెలుపూ ఆవిడదే, ఓటమీ ఆవిడదే. ఇప్పుడు చిక్కుడుకాయలు కూడా ఆవిడవే. అప్పుడప్పుడు ఈనె అలాగే ఉండిపోయి గొంతుకి తగులుతుంది. తగలనివ్వండి. తగిలినప్పుడు "అత్తయ్యగారూ, ఈనె వదిలేశారు" అని పైకే అంటున్నాను. ఆవిడా ఊరుకోవడం లేదు. నిన్న పప్పులో ఉప్పెక్కువైందని కంచం పక్కకి తోసి మరీ చెప్పారు, 22 ఏళ్ళలో మొదటిసారి!

ఇవాళ గురువారం. పొద్దుట్నించి మూడుసార్లు అడిగారు, "ఇవాళ శనివారమేనా అమ్మాయ్?" అని. కాదన్నప్పుడల్లా ఆ గుడ్డసంచీ దిండు కింద పెట్టుకుని, మళ్ళీ కాసేపటికి బయటికి తీస్తున్నారు. నాలుగోసారి అడిగేలోపు నేనే ప్లైవుడ్ పలక తెచ్చి ముందు పెట్టేస్తాను. అన్నం వార్చేలోగా ఒక ఆట అయిపోతుంది. ఎలాగూ చస్తాను, తెలుసు. అయినా ఆవిడ కాయ దొరికితే మాత్రం నేనూ వదలను.